ముప్పై అయిదు

బోధన్‌లో ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెబుతాను. ఇరవై ఏళ్లుగా శాతాలు చెప్పీ చెప్పీ నోరు నొప్పి పుట్టింది. టన్ను చెరకుకు వంద కిలోల చక్కెర వస్తే ఎంత శాతం అని అడిగితే పిల్లలు ఫ్యాను వైపు చూస్తారు. ఈమధ్య నాకూ అటే చూడాలనిపిస్తోంది.

మా అక్క నా దగ్గరే ఉంటుంది. నన్ను చదివించింది ఆమె చుట్టిన బీడీలే. ఒకప్పుడు రోజుకు వెయ్యి చుట్టేది. రెండేళ్ల కిందట ఆటో బోల్తా పడి కుడిచేతి మణికట్టు విరిగింది. ఎముక వంకరగా అతుక్కుంది, రెండు వేళ్లు సరిగ్గా ముడుచుకోవు. ఇప్పుడు పొద్దంతా కూర్చున్నా నాలుగు వందలు దాటవు. వెయ్యికి నాలుగు వందలంటే నలభై శాతం, పోయింది అరవై. పింఛనుకు నలభై శాతం వైకల్యం ఉంటే చాలన్నారు. ఇంత తేలిక లెక్క అయిదో తరగతికి కూడా ఇవ్వను అనుకుని, సెలవు పెట్టి ఆమెను నిజామాబాద్‌లో వికలాంగుల సర్టిఫికెట్ల క్యాంపుకు తీసుకుపోయాను.

పొద్దున్నుంచి నిలబడితే మధ్యాహ్నానికి పిలిచారు. డాక్టరు ఒక్కో వేలూ వంచి చూశాడు. నేను బీడీల లెక్క చెప్పబోయాను.

"బీడీలు లెక్కపెట్టం మేడం. కీలు ఎంత వంగుతదో గదే చూస్తం" అన్నాడు. విసురుగా ఏం కాదు, ఆయనా అలిసిపోయే ఉన్నాడు. నాకు కోపం రావలసింది, దానికీ ఓపిక లేకపోయింది.

కొన్నాళ్లకు సర్టిఫికెట్ కాగితం తయారైందని కబురొచ్చింది. నేను బడిలో ఉండగా అక్కే వెళ్లి తెచ్చుకుంది. సాయంత్రం ఇంటికొచ్చేసరికి వాకిట్లో ఆమెతో బీడీలు చుట్టే ఆడవాళ్లు కూర్చుని అక్క చేసిన రవ్వ షీరా తింటున్నారు.

"ముప్పై అయిదు వచ్చినయే! పాసైన" అంది అక్క నన్ను చూసి.

మా దగ్గర పదో తరగతి పాసు మార్కు ముప్పై అయిదు. లెక్కల్లో ఆమెకు ముప్పై ఒకటే వచ్చాయి. ఆ ఏడాదే బడి మాని బీడీల చాట ముందేసుకుంది. అందరూ వెళ్లేదాకా ఆగాను. ఆమె ముఖంలోకి చూడలేక, గోడకు చెప్పినట్టు చెప్పాను.

"గిది పరీక్ష కాదక్కా. నలభై ఉంటేనే పింఛన్."

కాగితం తిప్పి తిప్పి చూసింది. "అంటే చెయ్యి ఇంకింత కరాబ్ గావాలె. గంతేనా?"

నాకు ఏడుపొచ్చింది. తల ఊపాను.

"గందుకేందే! చుట్టంగ చుట్టంగ గదే అయితది తియ్" అని చాట ఒళ్లోకి లాక్కుంది.