వారధి అని రాసినందుకు

ఆత్మకూరులో అచ్చు వేయించిన ఆ కరపత్రంలో తప్పు నాదే. "శ్రీలంక కొండల్లో వారధి నిర్మాణానికి సాయం చేయండి" అని పెద్ద అక్షరాల్లో రాశాను. అసలు సంగతి కింద చిన్న అక్షరాల్లో ఉంది. అక్కడి తేయాకు తోటల్లో కూలీల పిల్లలు వాగు దాటి బడికి పోవాలి. వానాకాలంలో దాటలేక బడి మానేస్తారు. ఆ వాగు మీద ఇనుప తాళ్లకు వేలాడే కాలిబాట వంతెన కట్టడానికి మేం కొందరు ఇంజనీర్లం సెలవు పెట్టుకుని వెళ్తున్నాం. తాళ్ల ఖర్చు సమకూర్చడం నా వంతు.

వంతెన అని రాస్తే సరిపోయేది. మా వైపు జనం అనే బ్రిడ్జి మాట ఇంకా నయం. వారధి అంటే వినసొంపుగా ఉంటుందనుకున్నాను. మూఢనమ్మకాలకు వ్యతిరేకంగా ఇరవై ఏళ్లు వేదికలెక్కి వాదించినవాణ్ణి, లంక పక్కన వారధి అని రాస్తే జనానికి ఏం గుర్తొస్తుందో నాకు తట్టలేదు.

ఆత్మకూరులో కరపత్రం చదివినవాళ్లు మడిచి జేబులో పెట్టుకుని వెళ్లిపోయారు. ఉదయగిరి పక్క పల్లెల్లో మాత్రం అడక్కుండానే ఇచ్చారు. మనుషులు మారుతున్నారని సంబరపడి ఒక వ్యాసం కూడా మొదలుపెట్టాను. సాయంత్రాలు తెలిసిన వెల్డింగు షాపులో ఇనుప తాడుకు క్లాంపులు బిగించడం సాధన చేశాను. కొత్త బూట్లు మెత్తబడాలని ఆఫీసుకు కూడా అవే వేసుకుపోయాను.

ఒకరోజు చెరువు కింది పల్లెలో, చేపలు పట్టి కూలికి పోయి బతికే ఒక అవ్వ నా చేతిలో యాభై రూపాయలు పెట్టింది. నోటు మీద పసుపు పూసిన గుండ్రాయి పెట్టింది. రాయి మీద బొగ్గుతో 'రామ' అని రాసి ఉంది.

"దీన్ని గూడా ఆడ ఎయ్యి నాయనా. తేలిందో లేదో వచ్చి చెప్పు."

"ఇది ఆ వారధి కాదవ్వా. పిల్లోళ్లు బడికి పోయే బ్రిడ్జి."

"రాముడు కట్టింది పాడయిపోయిందంట గదా. నువ్వు బాగు చెయ్యను పోతన్నావని మా పెద్దాయన చెప్పినాడే."

పెద్దాయన అంటే ఆ ఊరి మోతుబరి, చుట్టుపక్కల పల్లెలకూ ఆయన మాటే మాట. నేరుగా ఆయన ఇంటికే వెళ్లాను. అరుగు మీద నలుగురు రైతులు కూర్చుని ఉన్నారు. జనానికి అబద్ధం ఎందుకు చెప్పారని అడిగాను.

"నీ కాగితం అడుగు దాకా చదివినాన్రా," అన్నాడాయన. "పిల్లోళ్ల బడంటే ఈడ ఎవుడిస్తాడు? నీకు తాళ్లు రావాల, వాళ్లకు పుణ్యం రావాల. మధ్యలో నీకేంది నొప్పి?"

"అబద్ధం మీద బ్రిడ్జి కట్టలేను పెద్దాయనా."

"కాంక్రీటు మీద గదరా కట్టేది?"

అరుగంతా నవ్వింది. అందులో ఒకాయన, "సీతారామపురం దారిలో గూడా వాగుండాది సార్. దానికి వీసా అక్కర్లేదు," అన్నాడు. ఆ వాగు మీద వంతెనకు అంచనాలు వేసి పైకి పంపినవాణ్ణి నేనే. మంజూరు రాలేదు.

మర్నాడు డబ్బిచ్చిన పల్లెలవాళ్లందరినీ పిలిపించి, పంచాయతీ ఆఫీసు ముందు నిలబడి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. రాముడికీ దీనికీ సంబంధం లేదన్నాను. పిల్లల కోసమని తెలిసి ఇస్తే తీసుకుంటాను, లేదంటే వెనక్కి తీసుకోండి అన్నాను. నిజం తెలిస్తే సగం మందైనా ఉంచుతారని నమ్మాను. అందరూ తమ డబ్బు కోసం వరసలో నిలబడ్డారు. ఆఖరున అవ్వ వచ్చింది.

"ఆ బిడ్డలు మనోళ్లేనా?"

"కాదవ్వా. అరవోళ్లు."

నోటు తీసుకుంది. "ఆ రాయి గూడా ఇయ్యి. దేవుడి పేరుండాది, యాడంటే ఆడ పారేస్తావు," అంది.

గడువు దాటింది. తాళ్లు కొనలేదు. ఆ ఏడు వంతెన కట్టడం లేదని, వచ్చే ఏటి సంగతి చెప్పలేమని మా బృందం పెద్ద ఫోన్ చేశాడు. అప్పటికే అక్కడ వానలు మొదలయ్యాయట. ఏం జరిగిందని అడిగాడు.

"మావాళ్లు ఇవ్వలేదు," అన్నాను. వాళ్లు ఇచ్చారనీ, నేనే తిరిగి ఇచ్చేశాననీ చెప్పలేదు.