బావ పక్కబొక్కకు నా కాలు

నేను ఎదురుకాళ్లతో పుట్టాను. కష్టపడకుండా సంపాదించిన అర్హత నాకు అదొక్కటే. వీపనగండ్ల దగ్గర మా ఊళ్లో ఎవరికి నడుము పట్టేసినా వచ్చి మా ఇంట్లో బోర్లా పడుకుంటారు. నేను ఎడమకాలితో మూడుసార్లు మెల్లగా తంతే పట్టు వదులుతుందట. డిగ్రీ చదివాను గానీ, మా ఊరికి నా కాలి మీదున్న నమ్మకం తల మీద లేదు.

పల్లికాయ తెంపే రోజుల్లో ఒకనాటి పొద్దున అక్కా బావా బండి మీద దిగారు. ముందురోజు బస్తాను ట్రాక్టర్‌లోకి ఎత్తుతుంటే బావ కాలు జారి, ట్రాలీ అంచుకు రొమ్ము కొట్టుకుందట. అప్పుడేమీ అనిపించలేదట. తెల్లారి లేవబోతే ఎడమవైపు పోటు.

అక్క ముఖంలో నెత్తురు లేదు. బావ వాళ్ల నాయన ఎడమవైపు నొప్పి అన్నరోజే పోయాడు. ఆ సంగతి అందరికీ గుర్తుంది, ఎవరూ ఎత్తలేదు.

"నరం పట్టింది. తన్ను రా," అంది అమ్మ.

"తన్ను బామ్మర్దీ. మీ అక్కను పెండ్లి చేస్కపోయిన కోపమంత ఇప్పుడే తీర్సుకోకు," అంటూ బావ బోర్లా పడుకోబోయి, సగంలోనే "అబ్బా!" అని ఆగిపోయాడు.

ఎన్నేళ్లకో దొరికిన అవకాశం. కాలు లేపాను కూడా. కానీ నరం పట్టినవాళ్లు వీపంతా చూపిస్తారు. ఈయన రొమ్ము పక్కన ఒకేచోట వేలు పెట్టి చూపిస్తున్నాడు.

"గట్టిగ ఊపిరి పీల్చు బావా."

పీల్చబోయి ముఖం ముడిచాడు. అటు తిరగమంటే తిరగలేకపోయాడు. ఆ చోట మెల్లగా నొక్కితే నా వంశాన్నంతా తిట్టాడు. అందులో ఆయన భార్య కూడా ఉందని గుర్తుచేశాను. నవ్వాడు. నవ్వగానే పక్క పట్టుకుని కూలబడ్డాడు.

"నేను తన్న. దవాఖానకు పోదాం."

"నీకేం తెల్సురా?" అంది అమ్మ.

"తెల్వకనే గదమ్మా తన్ననంటున్న!"

ఆటో మాట్లాడాను. వనపర్తి దాకా అక్క ఒక్క మాట అనలేదు. మా ఇంటి చరిత్రలో అంత నిశ్శబ్దం లేదు.

డాక్టరమ్మ ముందు ఈసీజీ, ఆ తర్వాత ఎక్స్‌రే తీయించింది. గుండె బాగుంది, ఎముకా విరగలేదు. ఆపైన నేను నొక్కినచోటే నొక్కింది. ఆమె వంశం జోలికి మాత్రం బావ పోలేదు.

"పక్కటెముకను, అదే మీరనే పక్కబొక్కను, రొమ్ము ఎముకకు కలిపే మెత్తటి ఎముక ఉంటుంది. దెబ్బ దానికి తగిలింది. ఎక్స్‌రేలో సాధారణంగా కనబడదు. ఊపిరి తీసినా, దగ్గినా, నవ్వినా, అక్కడ నొక్కినా నొప్పి పుడుతుంది. కొన్ని వారాలు బరువులెత్తొద్దు. ఆయాసం వచ్చినా, నొప్పి చేతికి పాకినా వెంటనే రండి. ఛాతీ నొప్పిని మాత్రం ఎప్పుడూ ఇంట్లో తేల్చుకోకండి," అంది, ఎందుకో నన్నే చూస్తూ.

"గుండెది గాదు గద మేడం?" అంది అక్క.

"కాదమ్మా."

"మల్ల ఎడమదిక్కే ఉంది గద?"

"ఎడమదిక్కు పక్కటెముకలు కూడా ఉంటాయమ్మా."

బయటి మెట్ల మీద అక్క అందుకుంది.

"హమాలీలు సచ్చిండ్రా? నువ్వేమన్న పైల్వానువా? అద్దంల ఎన్నడన్న సూసుకున్నవా?"

"జర ఆగవే, నవ్వొస్తుంది," అన్నాడు బావ, పక్క పట్టుకుని.

అక్క ఆగలేదు. తిడుతూనే కొంగుతో కళ్లు తుడుచుకుని, ఆయన చెయ్యి తన భుజం మీద వేసుకుని, ఒక్కో మెట్టే దింపింది.