జేజి ప్రార్థనలో మొదటి పేరు

నా చిన్నప్పుడు మా ఊర్లో ఎవరింట్లోనైనా వరిబువ్వ వండితే ఆ సంగతి వాసనతోనే వీధంతా తెలిసిపోయేది. లింగాల దగ్గర మెట్టపొలాల ఊరు మాది. సంగటి, కొర్రబువ్వ తిని పెరిగినోళ్ళం. బియ్యం అంటే పండక్కో, పురుటికో, జరమొచ్చినోళ్ళ గంజికో. ఈ మాట ముందే ఎందుకు చెప్తున్నానంటే, నా మీద దొంగతనం నింద పడింది ఆ వాసన వల్లనే.

మా పేటలో చిన్న గుడి ఉండేది. చర్చిని మేం గుడి అనే అంటాం. ఆడోళ్ళు పొయ్యి రాజేసే ముందు, ఆ పూట వండుకునే గింజల్లోనించి ఒక పిడికెడు తీసి దేవుని ముంతలో వేసేవాళ్ళు. జొన్నలున్న ఇంట్లో జొన్నలు, కొర్రలున్న ఇంట్లో కొర్రలు, బియ్యం తినే నాలుగైదు ఇండ్లలో బియ్యం. శనివారం సాయంత్రం ఒక పిల్ల సంచి తగిలించుకుని ఇంటింటికీ పోయి, ఆ ముంతలు పోయించుకుని గుడికి చేర్చాలి. ఆ పిల్ల నేనే. పాత చీర చించి మా జేజి కుట్టిన రెండరల సంచి అది. ఒక అరలో బియ్యం, ఇంకో అరలో తక్కిన గింజలు. అది భుజానేసుకుని వీధిలో పోతుంటే నాకు ఎంత టెక్కో చెప్పలేను.

జేజి అంటే మా నాయనను కన్న తల్లి. మా ఇంట్లోనే ఉండేది, నా పక్కనే పడుకునేది. మా పెద్దనాయన ఇల్లు మా ఇంటిని ఆనుకునే ఉండేది, నడుమ ఒకటే మట్టిగోడ. పెద్దనాయన కూతురు నాకంటే కొంచెం పెద్దది, నాకు అక్క. దీపాలు పెట్టే వేళకు జేజి కొంగు తలమీద కప్పుకుని, మోకాళ్ళూని, గట్టిగా ప్రార్థన చేసేది. ముందు నా పేరు, తర్వాత అక్క పేరు, ఆ తర్వాత కొడుకులు, కోడండ్లు, బర్రె, ఊరు, వాన. ఆ వరస నాకు కంఠతా వచ్చు. నా పేరు ముందుండడం నా హక్కనుకునేదాన్ని.

ఒక ఏడు వానలప్పుడు మా నాయనకు జరం పట్టుకుంది. పులివెందుల డాక్టరు గంజి తప్ప ఇంకేం పెట్టొద్దన్నాడు. అమ్మ తమ్ముడు, మా మామ, చిన్న మూటలో బియ్యం తెచ్చిచ్చి పోయినాడు. అమ్మ గంజి కాచింది, వాసన వీధిలోకి పోయింది. సరిగ్గా అప్పుడే మా అక్క నోరు తెరిచింది. శనివారం నేను దేవుని సంచిలోని బియ్యం పావడలో మూటగట్టుకుని ఇంట్లోకి పోతుంటే తన కళ్ళతో చూసిందంట. ముందు వాళ్ళమ్మకు చెప్పింది, ఆమె బావికాడ చెప్పింది. వాసన చూసినోళ్ళు, మాట విన్నోళ్ళు రెండూ కలిపేసినారు. సంగటి తినే ఇంట్లో పండగ కాని దినం బియ్యం యాడివి? అంతే, తీర్పయిపోయింది.

మామ తెచ్చినాడని నేను మొత్తుకున్నా. దొరికినోళ్ళు అట్లనే చెప్తారని నవ్వినారు. పాస్టరయ్య మంచోడే, తిట్టలేదు. ఈ మాట సద్దుమణిగేదాకా అంటూ సంచి నా భుజం మీదినుంచి తీసి మా అక్క భుజానికి తగిలించినాడు. బడిలో పిల్లోళ్ళు నన్ను గింజలదొంగా అని పిలవడం మొదలుపెట్టినారు. మా అమ్మ గట్టిమనిషి. తన పొయ్యి మీద ఏముడుకుతాందో ఊరికి చెప్పుకోవాల్నా అని గుడికి రావడమే మానేసింది. పెద్దమ్మతో మాట బంద్. ఈ అబద్ధం తేలకపోతే రెండిండ్ల మధ్య రాకపోకలు ఇక ఉండవని నాకు కూడా అర్థమైంది.

మా జేజి పక్కింటికి పోయి అక్క జడ పట్టుకుని ఈడ్చుకొస్తుందని ఎదురుచూసినా. పోలేదు. ఆదివారం గుడిలో, దేవుడు చేసిన మేళ్ళు నలుగురిలో చెప్పుకునే సాక్ష్యాల వేళ మాత్రం లేచి నిలబడింది.

"నా చిన్న మనవరాలు ఆ గింజలు ముట్టల్యా. నా ఇద్దరు మనవరాండ్ల కోసరం ప్రార్థన చేయండప్పా" అని చెప్పి కూర్చుంది.

మొదటి మాటకు నా గుండె నిండింది, రెండో మాటకు చల్లబడిపోయింది. ఇద్దరి కోసరమేంది? నింద పడింది నా ఒక్కదాని మీద కదా!

ఆ సాయంత్రం జేజి చాపను గోడ పక్కకు జరిపింది. గోడకు మొహం పెట్టి మోకాళ్ళూనింది. ఎప్పటికంటే గొంతు పెంచి ప్రార్థన మొదలుపెట్టింది. ముందు మా అక్క పేరు చెప్పింది. నేను కండ్లు తెరిచి చూసినా. జేజి ముసలిది కదా, తడబడిందేమో అనుకున్నా. మర్నాడూ అదే. ఆ మర్నాడూ అదే. అక్కకు ధైర్యమియ్యి తండ్రీ, మంచి నిద్రియ్యి తండ్రీ, దాని మనసులో బరువు దింపు తండ్రీ అని ఎంత సేపో. నా వంతు వచ్చేసరికి, ఈ బిడ్డకు నువ్వే సాక్షివి అని ఒక్క మాట. అంతే, ప్రార్థన కొడుకుల మీదికి, బర్రె మీదికి పోయేది.

నాకు కుళ్ళు పుట్టింది. కడుపు మండిపోయింది. ఎందుకు మండదు? సంచి పోయె, పేరు పోయె, ఆఖరికి జేజి నోట్లో నా చోటు కూడా ఆ అబద్ధాలకోరుకే పోయె. వీధిలో అక్క ఖాళీ సంచి ఊపుకుంటూ పోతుంటే చూడలేక ఇంట్లోకొచ్చేదాన్ని. ఇంట్లోకొస్తే జేజి నోట అక్క పేరే. రాత్రి అటు తిరిగి పడుకునేదాన్ని. జేజి చెయ్యి వేస్తే తీసేసేదాన్ని.

ఒకనాడు ఉండబట్టలేక అడిగేసినా. నువ్వు నా జేజివా, దాని జేజివా అని. జేజి నా తల నిమిరింది.

"నువ్వు తీయలేదని నాకు తెలుసు, మీయమ్మకు తెలుసు, దేవునికి తెలుసు. నీ పక్కన ఇంతమందిమి ఉండాం. దాని పక్కన ఎవరుండారు అమ్మీ?"

"దానికి సంచి ఉంది కదా" అన్నా.

జేజి నవ్వింది గానీ మరుసటి సాయంత్రం కూడా వరస మార్చలేదు.

శనివారం వచ్చింది. అక్క సంచితో మా గడప ముందు నిలబడింది. ఆ పిల్లను చూడగానే అమ్మ మొహం తిప్పుకుని లోపలికి పోయింది. ముంత తెచ్చి పొయ్యమని జేజి నాకు చెప్పింది. నా మీద నింద వేసిన దాని సంచిలో నా చేతులతో గింజలు పొయ్యాల! పళ్ళు కొరుక్కుంటూ ముంత వంచినా. ఆ విసురుకు కొర్రలు సగం నేలపాలైనాయి. దేవుని గింజలు తొక్కకూడదని ఇద్దరం ఒకేసారి వంగినాం. తలా తలా తగిలేంత దగ్గరలో మా అక్క గుసగుసగా అంది.

"జేజిని నా పేరు ముందు చెప్పొద్దని చెప్పు. గోడవతల నాకంతా వినపడతాంది. నిద్ర పట్టడంల్యా నాకు."

ఎప్పటినుంచి వింటాండావని అడిగినా. శానా దినాలనుంచి అంట. నాకు ఊహ తెలియక ముందునుంచే అంట. దినమూ ముందు నీ పేరే, నాది నీ తర్వాతే అని చెప్తూ ఏడ్చేసింది. సంచి కూడా నీకే ఇచ్చిరి అనింది.

నిజం చెప్పాలంటే నాకు ముందు జాలి కలగలేదు. నన్ను చూసి ఇది కుళ్ళుకుందా అని సంతోషమేసింది. తర్వాత నెమ్మదిగా తెలిసింది. ఆ వారం నేను పడిన మంట, గోడవతల అది ఏండ్ల తరబడి పడింది. చాప ఎందుకు గోడ పక్కకు జరిగిందో కూడా అప్పుడే అర్థమైంది.

ఏరిన గింజలు సంచిలో పోసి, అక్క ఆ సంచిని తన భుజం మీదినుంచి తీసి నాకు తగిలించింది. నా చెయ్యి పట్టుకుని ఇంటింటికీ నడిచింది. ప్రతి గడప ముందూ, ముంత తెచ్చినోళ్ళకు తనే చెప్పింది. నా చెల్లెలు తీయల్యా, నేనే లేనిది చెప్పినా అని. కొందరు తిట్టినారు, కొందరు తలొంచుకుని గింజలు పోసినారు. చివరికి పాస్టరయ్య ముందు మాత్రం అది నా వెనక్కి నక్కింది. నేను చెయ్యి గట్టిగా పట్టుకుంటే అప్పుడు చెప్పింది.

ఆ సాయంత్రం జేజి చాపను మళ్ళీ నడిమింట్లోకి లాగి, అక్కను కూడా పిలిచి చెరో పక్క కూర్చోబెట్టుకుంది. ఇప్పుడు ఎవరి పేరు ముందొస్తుందా అని ఇద్దరం ఊపిరి బిగబట్టినాం. జేజి ముందు మా అమ్మ పేరు చెప్పింది. ఇద్దరం కండ్లు తెరిచి ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఇద్దరికీ ఒకేమాదిరి మండింది. మా అమ్మ మాత్రం ఆ ఆదివారం గుడికొచ్చింది.

ఇప్పుడు నేను ప్రొద్దుటూరులో కొడుకింట్లో ఉంటున్నా. మోకాళ్ళు వంగవు, కుర్చీలో కూర్చునే ప్రార్థన. అక్క జమ్మలమడుగులో ఉంది. పోయిన నెల నా మనవడి మీద, వాడు పనిచేసే బట్టలకొట్లో నింద పడింది. చీరలు మాయం చేసినాడని తోటి పిల్లోడు ఒకడు యజమానికి చెప్పినాడు. పనిలోకి రావద్దన్నారు. వాడు అన్నం మానేసి గోడకేసి చూస్తూ కూర్చున్నాడు. నేను అక్కకు ఫోన్ చేసి, నా బిడ్డ కోసరం ప్రార్థన చెయ్యమని ఏడ్చినా.

"ఆ మాట చెప్పిన పిల్లోని పేరేంది?" అని అక్క అడిగింది.

నాకు ఒళ్ళు మండింది. ముందు నా మనవడి పేరు చెప్పక్కా అని నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసి ఆ పిల్లోని పేరు చెప్పినా. మనవడు నా వైపు చూసిన చూపు ఉందే, అది ఆ చాప మీద కూర్చుని నేను జేజిని చూసిన చూపే.

నిజం ఇంకా తేలలేదు. సాయంత్రం కాగానే అక్క ఫోన్ చేసి అందులోనే ప్రార్థన చేస్తుంది. మనవణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని, వీపు మీద చెయ్యేసి వింటా. ముందు ఆ పిల్లోని పేరే వస్తుంది. నా కడుపు ఇప్పటికీ మండుతుంది. ఆ మంటతోనే ఆమెన్ అంటా.