కుర్చీలో ఆనుకోవద్దన్న ప్లీడరమ్మ

మా ప్లీడరమ్మ గారు పోయారు. పోయిన మంగళవారం పొద్దున్న, బందరులో, కాఫీ గ్లాసు చేతిలో ఉండగానే. ఊరందరికీ గడువు పొడిగింపులు తెచ్చిపెట్టిన మనిషి తనకోసం చిన్న వాయిదా కూడా అడగలేదు. ఆవిడ గుమస్తా గారు ఫోన్ చేసి "మేడం గారు లేరండి" అంటే, కోర్టుకు వెళ్లారనుకుని "ఎప్పుడొస్తారండీ" అని అడిగాను. ఆయన మళ్లీ మొదటి నుంచి చెప్పారు.

ఇలాంటప్పుడు 'తీరని లోటు' అని రాయాలి. నాకు డిగ్రీ ఉంది కాబట్టి రాయగలను. కానీ ఆవిడ చూస్తే "లోటేంటో స్పష్టంగా రాయి, ఆధారం జతచెయ్యి" అనేవారు. జతచేస్తున్నాను.

ఆధారం మా అమ్మ. అమ్మది ఫిలిప్పీన్స్, పేరు మారీలూ. నాన్నది దివిసీమలో నాగాయలంక దగ్గర పల్లె. కువైట్‌లో ఒకే ఇంట్లో ఆయన డ్రైవరు, ఆవిడ వంటమనిషి. పెళ్లి అక్కడే, నేనూ అక్కడే. నాన్న నా పుట్టుక మన ఎంబసీలో నమోదు చేయించి నన్ను భారతీయుణ్ణి చేశాడు. తర్వాత ముగ్గురం వచ్చేశాం. నేను హక్కుతో వచ్చాను, అమ్మ వీసాతో వచ్చింది.

ఊళ్లో చర్చిలో మళ్లీ పెళ్లి చేశారు. మా నాయనమ్మ దగ్గరుండి పుస్తెలు కట్టించి ఒక ప్రకటన చేసిందట: "మెళ్లో పుస్తె పడ్డాక ఇంకా వీసా ఏంట్రా, మన పిల్లేగా." రాజ్యాంగంలో అలాంటి సవరణ రాలేదని మా ఇంట్లో ఎవరికీ తోచలేదు. మారీలూ కాస్తా మరియమ్మ అయింది. మరియమ్మకు రేషన్ కార్డు వచ్చింది, ఓటరు కార్డూ వచ్చింది. ఊరి పెద్దాయన స్వయంగా ఇంటికి తెచ్చి, "ఇక నువ్వు మా ఊరి కోడలివమ్మా, ఎవడూ కాదనలేడు" అన్నాడట. వీసా గడువు మాత్రం ఎవరినీ అడక్కుండా దాటిపోయింది.

నాన్న కృత్తివెన్ను చెరువుల నుంచి రొయ్యల లారీ తోలేవాడు. నేను ఏడో క్లాసులో ఉండగా బంటుమిల్లి రోడ్డు మీద ఆ లారీ తిరగబడింది. దాని గురించి ఇంతకన్నా రాయను.

నేను తొమ్మిదికొచ్చాక ఫిలిప్పీన్స్ నుంచి ఫోను. అమ్మమ్మ మంచాన పడిందని. అమ్మా నేనూ గుడివాడలో టికెట్లు చేసే ఆయన దగ్గరికెళ్లాం. ఆయన అమ్మ పాస్‌పోర్టు ముందు నుంచి తిప్పాడు, వెనక నుంచి తిప్పాడు. "అమ్మా, ఈ వీసా అయిపోయి చాలా ఏళ్లయిందండి. ఎవరికీ చూపించకండి. బందరులో ప్లీడరమ్మ గారి దగ్గరికెళ్లండి" అన్నాడు.

ఆవిడ ముందుగదిలో ఎప్పుడూ మాలాంటి వాళ్లే. గల్ఫులో పుట్టి ఏ దేశం లెక్కలోనూ లేని పిల్లలు, వాళ్ల తల్లులు. ఆవిడ పొట్లంలోని ఉప్పుశనగలు ఒక్కొక్కటే నములుతూ వినేవారు. అమ్మ ఎంతో గర్వంగా ఆ రెండు కార్డులూ బల్ల మీద పెట్టింది. ప్లీడరమ్మ గారు నమలడం ఆపారు.

"ఎవరమ్మా ఇవి చేయించింది?"

"ఊళ్లో అందరూనండి. ప్రేమగా."

"శత్రువులైతే ఇంత పని చేసుండేవాళ్లు కాదు. గడువు దాటడం తప్పు, క్షమించమని అడగొచ్చు. ఇవేమో ఇండియా దాన్నని నువ్వు అబద్ధం చెప్పినట్టు. ముందు మనమే వెళ్లి వీటిని ఇచ్చేద్దాం."

"ఇస్తే పట్టుకోరా అండీ?" అన్నాను నేను.

"పట్టుకోవచ్చు. దాస్తే తప్పకుండా పట్టుకుంటారు. నువ్వేం చదువుతున్నావు?"

"తొమ్మిదండి."

"అయితే ఇవి తిను" అని శనగల పొట్లం నా వైపు తోశారు.

అప్పుడు అమ్మ అసలు సంగతి అడిగింది. "నేను మా అమ్మ దగ్గరికి వెళ్లిరావచ్చా అండి?"

"వెళ్లొచ్చు. జరిమానా కట్టించుకుని పంపేస్తారు. తిరిగి రానిస్తారని మాత్రం నేను మాటివ్వలేను. వీడు ఈ దేశం వాడు, నువ్వు కాదు. వెళ్లాలా వద్దా అన్నది నేను చెప్పేది కాదమ్మా, నువ్వే ఆలోచించుకో."

అమ్మ నా వైపు చూసింది. నేను శనగలు తింటున్నాను.

"వెళ్లనండి" అంది.

నెల తిరక్కుండా అమ్మమ్మ పోయింది. సమాధి చెయ్యడం అమ్మ ఫోన్లో చూసింది. పెట్టె దించుతుండగా మా ఊరి సిగ్నల్ పోయి బొమ్మ అక్కడే ఆగిపోయింది. ఆ ఆగిపోయిన బొమ్మనే చాలాసేపు చూస్తూ కూర్చుంది.

ఆ తర్వాత చాన్నాళ్లు అమ్మ ప్లీడరమ్మ గారితో అవును, కాదు తప్ప మాట్లాడలేదు. ఆవిడా ఓదార్చలేదు. "కన్నీళ్లకు జిరాక్స్ రాదమ్మా" అనేవారు, కటువుగానే. గదిలో కుర్చీలు ఖాళీగా ఉన్నా అమ్మకు స్టూలు వేసేవారు. తనే గొంతు బొంగురు చేసి, ఎస్పీ ఆఫీసులో ప్రశ్నలడిగే ఆఫీసరైపోయేవారు. ఆ గొంతుకి నేను నవ్వితే బయటికి పంపేసేవారు.

"రేపు నిజం కుర్చీ వేస్తారు. అప్పుడూ ఆనుకోవద్దు. ఆనుకుంటే ఇల్లనుకుంటున్నావంటారు. ఏడవద్దు, నాటకమంటారు. అడిగినదానికే చెప్పు. ఊఁ, నీదే దేశం?"

"ఫిలిప్పీన్స్ అండి. నేను..."

"ఊఁ?"

"నేను విదేశీయురాలినండి."

ఆవకాయ కలిపి, నాట్లకెళ్లి, నాయనమ్మ చివరి రోజుల్లో మంచం దగ్గర సమస్తం చేసిన మనిషి. ఆ మాట దగ్గర ఆగిపోయేది. ఆవిడ వదిలేవారు కాదు. "మళ్లీ చెప్పు. మరియమ్మకి ఇక్కడ ఏ హక్కూ లేదు, అసలు ఆవిడ పుట్టనేలేదు. ఏమైనా ఉంటే మారీలూకే ఉంది."

కార్డులు ఇచ్చేశాం. ఎస్పీ ఆఫీసులో ఎన్నిసార్లు కూర్చోబెట్టారో, పక్కన ఆవిడ అన్నిసార్లూ కూర్చున్నారు, తనూ ఆనుకోకుండా. చివరికి, ఈ దేశపు పిల్లాడికి తల్లి కాబట్టి ఉండొచ్చని అనుమతి వచ్చింది. ఏడాదికోసారి పొడిగించుకోవాలి. నేను గంతులేస్తుంటే ఆవిడ నవ్వలేదు. "ఇది అద్దిల్లురా అబ్బాయ్. సొంతిల్లు ఇంకా దూరం" అన్నారు. పౌరసత్వానికి అర్జీ పెట్టించారు. ఫైలు ఢిల్లీలో ఉంది. ఈ ఏడాది పొడిగింపు దగ్గర పడింది, పక్క కుర్చీ ఖాళీ. లోటు అదీ. స్పష్టంగానే రాశాననుకుంటాను.

కబురు వినగానే అవనిగడ్డ మీదుగా బందరు బస్సెక్కి వెళ్లాం. అమ్మ చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో పాస్‌పోర్టూ, అనుమతి కాగితమూ. అది లేకుండా గడప దాటొద్దని ఆవిడే చెప్పారు. శవం లేచాక ఆడవాళ్లంతా వీధి మొగలో ఆగిపోయారు. అమ్మ ఆగలేదు. మగవాళ్ల వెనకాలే నడిచింది. శ్మశానం గేటు దగ్గర ఆవిడ బంధువుల్లో ఒక పెద్దాయన చెయ్యి అడ్డం పెట్టారు.

"మనలో ఆడవాళ్లు లోపలికి రారమ్మా. తెలీదా?"

అమ్మ చేతులు జోడించింది. ఈసారి మధ్యలో ఆగలేదు.

"నేను విదేశీయురాలినండి."

ఆయన ఆ ముఖాన్నీ, నేత చీరనీ, మెళ్లో పుస్తెల్నీ మార్చి మార్చి చూశారు. దివిసీమ యాసలో విదేశీయురాలినని చెప్పేవాళ్లను ఏం చెయ్యాలో శాస్త్రంలో ఉన్నట్టు లేదు. పక్కకు తప్పుకున్నారు.

లోపల గోడ వారగా సిమెంటు బెంచీ ఉంది. అమ్మ దాని చివర కూర్చుంది, నిటారుగా, కవరు ఒళ్లో పెట్టుకుని, రెండు చేతులూ దాని మీద పెట్టి. నిప్పంటించినప్పుడు ఏడవలేదు. కట్టెలు కూలినప్పుడూ ఏడవలేదు. వచ్చినవాళ్లు ఒక్కొక్కరే కాళ్లు కడుక్కుని వెళ్లిపోయారు. సముద్రం వైపు నుంచి గాలి మొదలై పొగ మా మీదకి తిరిగింది. అమ్మ కళ్లు మూసుకుని, మెల్లగా వెనక్కి గోడకు ఆనుకుంది.