చావగా మిగిలినవి

మా పై వాటా అన్నయ్యగారి కాలి పుండులోంచి తీసిన చీము నా బల్ల మీదకే వచ్చింది. సౌదీలోని రాబిగ్‌లో ఒక ఆసుపత్రి ల్యాబులో సూక్ష్మజీవుల విభాగం నాది. ఏ మందుకు అవి చస్తాయో తేల్చి చెప్పాలి. చెప్పగలిగితే కాలు ఉంటుంది. లేకపోతే లేదు.

ఆయన రిఫైనరీలో ఇన్‌స్ట్రుమెంట్ ఇంజినీరు. షుగరుంది. సేఫ్టీ బూటు ఒరుసుకుని మడమ మీద బొబ్బ లేచింది. ఆసుపత్రికి రాలేదు. మెడికల్‌లో అన్‌ఫిట్ అని పడితే ఖురూజే, మూటాముల్లె సర్దుకుని ఇంటికి పోవడమే. అందుకని వదినగారి డబ్బాలోంచి మాత్రలు మింగారు. పుండు ముదిరి అడుగు వెయ్యలేకపోయాకే వచ్చారు.

మా బిల్డింగు తెలుగువాళ్ళ ఆచారం అది. ఇక్కడ మందుల షాపువాడు డాక్టరు చీటీ లేనిదే యాంటీబయాటిక్ ఇవ్వడు. కాబట్టి సెలవుకు వెళ్ళిన ప్రతివాళ్ళూ ఆవకాయతో పాటు మాత్రల అట్టలూ సూట్‌కేసులో కుక్కుకొస్తారు. ఎవరికి తుమ్మొచ్చినా వదినగారి డబ్బానే గతి. రెండు మాత్రలకు నెమ్మదించగానే మిగతావి పక్కింటికి పంచుతారు. మందు పారేస్తే పాపమట.

ఆ డబ్బా మీద నేను ఎన్నిసార్లు పోట్లాడానో.

"జలుబుకెందుకు వదినా అవి? పని చేసి చావవు."

"నీకు ల్యాబులో పురుగుల్ని చూసి చూసి అనుమానం రోగం పట్టుకుందమ్మాయ్. ఒంటికి ఒక మందు అలవాటైతే ఇంకోటి వేస్తాం. ఏం పోయింది?"

అలవాటు! ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. ఒంటికి అలవాటవదు. సూక్ష్మజీవులు మందును ఓర్చుకోవడం నేర్చుకోనూ నేర్చుకోవు. కోట్లలో ఒకదానికి, జన్యువు నకలు తీసుకునేటప్పుడు, ఎక్కడో తప్పు పడుతుంది. మామూలు రోజుల్లో ఆ తప్పును పట్టించుకునే దిక్కుండదు. మందు పడ్డ రోజున మాత్రం బతికేది అదే. చచ్చినవాటి చోటూ తిండీ దానికే. అరగంటకో తరం చొప్పున మర్నాటికి పుండు నిండా దాని సంతానమే. పైగా ఆ జన్యువును పక్కవాటికీ అందిస్తుంది, మనం గోడ మీంచి గిన్నెడు పులుసు అందించినట్టు.

పళ్ళెం మీద ఆ చీములోని జీవాల్ని పరిచి, రకానికొకటిగా మందు బిళ్ళలు పెట్టాను. మందు పనిచేస్తే బిళ్ళ చుట్టూ ఖాళీ వలయం కనిపించాలి. పొద్దున తీసి చూస్తే బిళ్ళల అంచుల దాకా దట్టంగా పెరిగి ఉన్నాయి. ఒక్కదాని చుట్టూ సన్నని గీత. ఆ మందు మూత్రపిండాలను తింటుంది. ఆయనవి అప్పటికే సగం పోయాయి.

వార్డుకు వెళ్ళాను. సర్జను ఈజిప్టువాడు, మోకాలి కింద చెయ్యి అడ్డంగా పెట్టి చూపించి వెళ్ళిపోయాడు.

"నువ్వు చెప్తూనే ఉన్నావు కదమ్మా," అన్నారు అన్నయ్యగారు.

"చెప్పి ఏం లాభం? మీరు వింటేగా!" ఆ పరిస్థితిలో కూడా నా నోరు ఊరుకోలేదు.

"మనుషుల్లోనూ అట్లా ఏదో తప్పు పడి, మందు లేకుండా బతికేవాళ్ళు పుడతారా?"

"పుట్టొచ్చండీ. వాటిది అరగంటకో తరం. మనది పాతికేళ్ళకొకటి. వేల ఏళ్ళు పట్టుద్ది."

"నా కాంట్రాక్టు రెండేళ్ళదే," అని నవ్వారాయన. వదినగారు నవ్వలేదు. "ఇంకో రకం మాత్ర ఏదైనా..." అని నా చెయ్యి పట్టుకున్నారు.

కాలు తీసేశారు. కంపెనీ వైద్యుడు అన్‌ఫిట్ అన్నాడు, ఖురూజ్ కాగితాలు వచ్చాయి. ప్రయాణానికి సామాను సర్దే నాటికే కుట్ల దగ్గర మళ్ళీ చెమ్మ.

"అక్కడ ఎవరికి చూపిస్తే తగ్గుద్ది?" అని వదినగారు మెట్ల మీద అడిగారు.

గుంటూరులో ఒక ఆసుపత్రి పేరు చెప్పాను. అక్కడ ఉన్నవీ ఆ మందులే.