తాత పేరు కొట్టెయ్యని మా సోషల్ సార్

మా సోషల్ సార్ పోయారు. కోదాడలో మా ఇంటి కింద ఉన్న మందుల షాపుకు ఫోను వచ్చింది. షాపతను మెట్లెక్కి పైకి వచ్చి, "సూర్యాపేట నుంచి ఫోనండి. మీ సోషల్ సారంట, పొద్దున్నే ఆస్పత్రిలో పోయారంటండి," అన్నాడు. నేను దిగేసరికి అవతల ఫోను పెట్టేశారు. పక్కన పెట్టిన రిసీవరు తీసి చెవి దగ్గర పెట్టుకున్నాను. మోత తప్ప ఏమీ లేదు.

ఎనభైల మొదట్లో మేమిద్దరం పెన్‌పహాడ్ హైస్కూల్లో పనిచేశాం. నేను తెలుగు పండితుణ్ణి, ఆయన సోషల్. సూర్యాపేటలో పక్కపక్క వీధుల్లో కిరాయికి ఉండేవాళ్లం. ఆయన పాత స్కూటరు మీద కలిసి వెళ్లేవాళ్లం. నన్ను "పండిట్ సారూ" అనేవారు. వయసులో నాకంటే పెద్దవారైనా ఆ గౌరవం ఎన్నడూ తగ్గించలేదు.

ఒకరోజు ఆయన పదో తరగతికి అమెరికా వలసల పాఠం చెబుతున్నారు. సముద్రం దాటి జనం రావడం, అడవులు కొట్టి ఊళ్లు కట్టుకోవడం, ఆ ఊళ్లు కలిసి జిల్లాలు కావడం. వెనక బెంచీలో కూర్చున్న లంబాడీ తండా పిల్ల లేచి, "సార్, వాళ్లు ఓడలల్ల వచ్చిన్రు. మరి మేం గీడికి ఎట్ల వచ్చినం?" అని అడిగింది. క్లాసంతా నవ్వింది. ఆయన నవ్వలేదు. "నాకు తెల్వదు బిడ్డా. తెలుసుకొని చెప్త," అన్నారు. స్టాఫ్ రూముకు వచ్చాక కూడా ఆ మాట ఆయనను వదల్లేదు. "ఎక్కడనో అమెరికాల ఒక జిల్లా ఎట్ల పుట్టిందో చెప్తున్న. రోజూ తొక్కే నేల సంగతి తెల్వదు. ఏం సోషల్ సార్‌ను నేను?" అన్నారు.

అలా మొదలైంది చుట్టుపక్కల ఊళ్ల చరిత్ర రాయడం. ఆదివారం వస్తే స్కూటరు ఏదో ఒక ఊరి దారి పట్టేది. వెనక సీటు నాది. ఎవరి గుమ్మంలోకి వెళ్లినా ముందు మంచినీళ్లు అడిగి తాగేవారు. ఆ తర్వాత ఎవరినైనా ఒకటే ప్రశ్న: "మీరు గీడికి ఎట్ల వచ్చిన్రు?" మిర్యాలగూడ రైసుమిల్లులో పనికి గుంటూరు వైపు నుంచి వచ్చిన మేస్త్రీనీ అదే అడిగారు, మేళ్లచెరువు సిమెంటు లారీల డ్రైవరునూ అదే అడిగారు. తరతరాలుగా ఇక్కడే ఉన్నామని చెప్పుకునే పెద్ద రైతునూ వదల్లేదు. ఆ రైతుకు కోపం వచ్చింది. "మేం యాడి నుంచీ రాలే, గీడనే పుట్టినం," అన్నాడు. "అందరం యాడి నుంచో వచ్చినోళ్లమే పటేలా. జర యాది చేసుకో," అని సార్ నవ్వి కూర్చున్నారు. ఆ రైతు చివరికి వాళ్ల ముత్తాత కరువులో ఒక జత ఎడ్లతో వచ్చిన కథ చెప్పి, మాకు అన్నం పెట్టి పంపాడు.

ఆ ప్రశ్న అడిగిన పిల్ల తండాకు మేం చాలా ఆలస్యంగా వెళ్లాం. రాళ్ల గుట్ట మీద ఉంటుంది ఆ తండా. అక్కడ అందరికంటే పెద్దది ఒక అవ్వ. చూపు తగ్గినా మాట గట్టిది. ఆమె చెప్పింది: వాళ్ల తాతల తాతలు ఎడ్ల మీద ఉప్పూ ధాన్యమూ వేసుకుని తిరిగేవాళ్లు. ఆ బేరం తగ్గాక కింద వాగు ఒడ్డున అడవి కొట్టి, చెలకలు చేసి, జొన్న వేసుకున్నారు. చాలా ఏళ్లు దున్నారు. నిజాం కాలంలో, ఆమె కొత్త కోడలిగా ఉన్నప్పుడు, ఆ నేల దొర పేరున రాసి ఉందని, ఊరి భూముల లెక్కలు రాసే పట్వారీ జవాన్లను వెంటబెట్టుకుని వచ్చాడు. గుడిసెలు కాల్చారు. చంకలో పిల్లతో ఆమె ఈ గుట్ట ఎక్కింది. ఆ పిల్ల బతకలేదు.

"గిప్పుడు గా చెలకలకు కాలువ నీళ్లొచ్చినయి. మా కోడండ్లు గా పొలాలల్లనే నాట్లెయ్యనీకి కూలికి పోతరు," అంది అవ్వ.

"పట్వారీ ఎవరవ్వా?" అని సార్ అడిగారు. ఆమె పేరు చెప్పింది, ఊరు చెప్పింది.

సార్ తలవంచుకున్నారు. "గాయన మా తాత అవ్వా," అన్నారు.

నాకు అక్కడి నుంచి లేచిపోదామనిపించింది. అవ్వ చేయి చాచి, సార్ మొహం తడిమి చూసింది. "మరి నువ్వెందుకొచ్చినవ్ బిడ్డా?"

"రాసుకోనీకి వచ్చిన."

"అయితే రాయి. మంది రాసుడు వేరు, నువ్వు రాసుడు వేరు."

తిరుగు దారిలో ఆయన స్కూటరు ఆపి, ఒక కాలువ గట్టు మీద కూర్చుని చాలాసేపు ఆ పొలాల వైపు చూశారు. "నన్ను భుజాల మీద ఎక్కించుకొని జాతరకు తీస్కపోయేటోడు. గా చేతులే గిట్ల చేసినయా?" అన్నారు. నన్ను అడిగిన మాట కాదు అది.

పుస్తకం పూర్తి కావడానికి ఏళ్లు పట్టింది. తొంభైలలో నేను కోదాడకు బదిలీ అయ్యాను. అక్కడి ప్రెస్సులోనే అచ్చుకు ఇచ్చాం. ప్రూఫులు తీసుకుని ఒకసారి సూర్యాపేటలో సార్ ఇంటికి వెళ్లినప్పుడు ఆయన అన్నగారు మాడుగులపల్లి నుంచి వచ్చి ఉన్నారు. మండలంలో పెద్దమనిషి ఆయన. నలుగురూ నిలబడి నమస్కారం పెట్టే మనిషి, తమ్ముడి ముందు మెత్తగా కూర్చుని ఉన్నారు.

"తమ్మీ, నువ్వు సదువుకున్నోనివి. పుస్తకం రాయొద్దంటలేను. గా ఒక్క పేజీల తాత పేరు కొట్టెయ్. పట్వారీ అని పెట్టు, సాలు."

"అందరి పేర్లు రాసిన అన్నా. మనోళ్ల పేరు ఒక్కటే దాస్తే, మిగిలిందంత అబద్ధమయితది."

"ఎత్తుకొని పెంచిండురా మనల్ని! బజార్ల నిలవెడ్తవా?"

"నాకు మాత్రం తాత మీద పాయిరం లేదా? గది గూడ రాసిన. సూడు." సార్ కాగితం చూపించారు. 'ఆ పట్వారీ నా తాత. నన్ను భుజాల మీద మోసినవాడు' అని ఉంది.

అన్నగారు ఆ కాగితం ముట్టుకోలేదు. సార్ భార్య, మా మేడం, తెచ్చిన చాయ్ అలాగే ఉంచి లేచారు. "ఇగ నా గడప తొక్కకు," అని వెళ్లిపోయారు. సార్ వీధి చివరి దాకా వెనకే వెళ్లి ఒక్కరే తిరిగి వచ్చారు. ప్రూఫుల ముందు కూర్చున్నారు గానీ, ఆ రోజు ఒక్క తప్పూ దిద్దలేకపోయారు.

పుస్తకం వచ్చేసరికి ఆ అవ్వ లేదు. మొదటి ప్రతి పట్టుకుని సార్ తండాకు వెళ్లి, ఆ పేజీ అందరికీ చదివి వినిపించారు. ఒకతను లేచి, "సార్, గిది రాస్తే మా భూమి మాకొస్తదా?" అన్నాడు. "రాదు," అన్నారు సార్. "మరెందుకు?" ఆయన, "మీరు గీ గుట్ట కబ్జా పెట్టిన్రని రేపు ఎవడన్న అంటే, కాదనేటోడు ఒకడు ఉండాలె గద. నేను ఎన్ని రోజులుంట? గిది ఉంటది," అన్నారు. ఆ మాటతో అతను తృప్తి పడలేదు. సార్ కూడా పడలేదు. "న్యాయమే అడిగిండు," అని దారంతా అనుకుంటూనే ఉన్నారు.

పుస్తకాలు పెద్దగా అమ్ముడుపోలేదు. అన్న కూతురి పెళ్లి మిర్యాలగూడలో జరిగింది. సార్ దంపతులకు పిల్లల్లేరు. ఆ అమ్మాయిని చిన్నప్పుడు తమ ఇంట్లో ఉంచుకుని చదివించారు. పిలుపు రాలేదు. పెళ్లినాడు సార్ ఇస్త్రీ చొక్కా వేసుకుని బస్సెక్కి మిర్యాలగూడ వెళ్లారు. ఫంక్షన్ హాలుకు ఎదురుగా హోటల్లో కూర్చుని, అటు నుంచి అటే కోదాడకు మా ఇంటికి వచ్చేశారు. "బ్యాండు మంచిగ వాయించిన్రు పండిట్ సారూ," అన్నారు. మా ఆవిడ అన్నం పెడితే కలుపుకున్నారు గానీ తినలేకపోయారు.

చివరిసారి ఆయనను దవాఖానలోనే చూశాను. గుండె బలహీనపడిందన్నారు. మంచం పక్కన నిలబడ్డ నర్సు కేరళ నుంచి ఎలా వచ్చిందో అప్పటికే మొత్తం తెలుసుకున్నారు. నాకు పరిచయం చేస్తూ ఆమె తండ్రి పడవ సంగతి కూడా చెప్పారు. నేను బయల్దేరుతుంటే నా చేయి పట్టుకుని, "మా అన్నకు షుగరంట. కాళ్లు వాస్తున్నయంట. ఎవరో చెప్తే తెలిసింది," అన్నారు.

నేను సూర్యాపేట చేరేసరికి సార్‌ను వాకిట్లో పడుకోబెట్టి ఉంచారు. తలకొరివి పెట్టాల్సింది అన్నగారే. మేడం అందరి మొహాలూ చూస్తూ, "బావగారు వస్తరా?" అని అడుగుతున్నారు. మధ్యాహ్నం దాటాక జీపు ఆగింది. అన్నగారు ఇద్దరి భుజాలు పట్టుకుని దిగారు. తమ్ముడి కాళ్ల దగ్గర కూలబడి, "తమ్మీ, పెండ్లికి నేను పిలిస్తే రాకపోయేటోనివా?" అని ఒక్క మాట అన్నారు.

అప్పుడే తండా ఆడవాళ్లు వచ్చారు. నేల మీద గుంపుగా కూర్చుని, ఒకరి భుజాల మీద ఒకరు చేతులేసుకుని, వాళ్ల భాషలో రాగం తీసి ఏడవసాగారు. ఆ ఏడుపు మధ్యలో అన్నగారు తల ఎత్తారు. చెవిన పడ్డది వాళ్ల తాత పేరు.

"ఏమంటున్నరమ్మా?" అని దగ్గరున్నామెను అడిగారు. తండా అవ్వ కోడలు ఆమె.

"మావోళ్లు ఎవరన్న పోతే గిట్లనే ఏడుస్తం పటేలా. ఎవరి కొడుకు, ఎవరి మనుమడు అని పేర్లు తీసి ఏడుస్తం."

"మా తాత పేరు గూడనా?"

"తియ్యకుంటె ఎట్ల? మనిషికి ముందల ఎనుక ఉండాలె గద."

అన్నగారు తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నారు.

అంతా అయిపోయాక, స్నానాలు చేసి రోడ్డు మీదికి వచ్చాం. పెన్‌పహాడ్ వైపు వెళ్లే బస్సు వస్తోంది. అక్కడ స్టాపు లేదు. తండా ఆడవాళ్లు రోడ్డు పక్కన నిలబడ్డారు గానీ, డ్రైవరు వేగం తగ్గించలేదు. అన్నగారు తడి పంచెతో, వాచిన కాళ్లతో నడిరోడ్డు మీదికి నడిచి చేయి అడ్డం పెట్టారు. బస్సు కీచుమని ఆగింది. అద్దాల గాగ్రాలు ఎత్తిపట్టుకుని ఒక్కొక్కరే ఎక్కుతుంటే, చివరి మనిషి ఎక్కేదాకా ఆ చేయి ఆయన దించలేదు.