ఎడమచేతి ముడి

ఆ వీధిలో అందరూ ఆమెను టైలరమ్మ అనే పిలుస్తారు. ఎవరి నడుం ఎంత, ఎవరి భుజం ఏ పక్కకు వాలుతుంది, ఏ ఏడు ఎవరు లావెక్కారు, అన్నీ ఆమెకు కొట్టినపిండి. అలాంటి మనిషి తన భుజాన్నే చెడగొట్టుకుంది. అటక మీది గుడ్డ తానును అందుకోబోయి స్టూలు మీంచి జారింది. భుజం లోపల కండరం తెగిందన్నారు. ఆపరేషన్ చేసి, కుడిచేతికి పట్టీ వేసి, మెడకు వేలాడగట్టి ఇంటికి పంపారు.

చూడవచ్చినవాళ్ళంతా చేతిని చూసి అయ్యో అన్నారు. అసలు కష్టం ఎవరికీ తెలియదు.

చిన్నవాడి కాన్పు దగ్గర్నుంచి ఆమెకు మూత్రం ఆగదు. తుమ్మినా, దగ్గినా, బరువెత్తినా తడిసిపోతుంది. డాక్టరుకు చూపించుకుందా అంటే అదీ లేదు. టైలరు బుద్ధి ఎక్కడికి పోతుంది? బిగుతైతే వదులు చేయడం, చిరిగితే మాసిక వేయడం తప్ప, గుడ్డతో తీరని చిక్కొకటి ఉంటుందని ఆమెకు తోచలేదు. మెత్తటి ముక్కలు పొరలు పొరలుగా కుట్టి, రెండు పక్కలా బొందులు పెట్టి నడుముకు కట్టుకునేది. తడి పెరిగితే పొర పెంచేది. మొగుడు బస్సు కండక్టరు. కిక్కిరిసిన బస్సులో టికెట్టు లేనివాణ్ణి ఇట్టే పట్టేస్తాడు గానీ, పక్కనున్న భార్య గుట్టు మాత్రం ఇన్నేళ్ళూ పసిగట్టలేకపోయాడు మహానుభావుడు.

ఇప్పుడేమో ఒంటిచెయ్యి. దాంతో ముడి పడదు. ఆలోచించి ఆలోచించి ఒక ఉపాయం పన్నింది. బొందు ఒక కొసను కుట్టుమెషిను సొరుగులో పెట్టి, తుంటితో సొరుగు మూసి, రెండో కొసను ఎడమచేత్తో చుట్టి లాగేది. ముడి పడేది, నిలిచేది కాదు. తడి గుడ్డను స్నానాలగదిలో కుళాయికి చుట్టి మెలిపెట్టి పిండేది. లోపల అంతసేపేమిటని మొగుడు తలుపు కొడితే, "ఒంటిచేత్తో స్నానం చేసి చూడండి, తెలుస్తుంది" అని గదమాయించేది. ఆ తలుపు వెనక ఎన్నిసార్లు ఏడ్చిందో లెక్కలేదు.

పట్టీ తీసేశాక ఫిజియోథెరపీ మొదలైంది. గోడకు పైన గిలక, దానికో తాడు. ఎడమచేత్తో తాడు కిందికి లాగితే కుడిచెయ్యి పైకి లేవాలి. లాగుతూ ఊపిరి బిగపట్టగానే ఆమెకు కింద తడి తెలిసేది. వెంటనే తాడు వదిలేసి "అమ్మో, నొప్పి" అనేది. వెళ్ళినప్పుడల్లా ఇదే తంతు.

"ఆంటీ, ఇలా సగంలో వదిలేస్తుంటే భుజం బిగుసుకుపోతుంది. తర్వాత ఏం చేసినా లేవదు," అంది ఫిజియో అమ్మాయి.

"ఇద్దరు పిల్లల్ని కన్నదానివి, ఈపాటి నొప్పికే బెంబేలెత్తితే ఎలాగే?" అని కండక్టరు దారంతా సణిగాడు.

పిరికిదన్న పేరు మోయడమే ఆమెకు నయంగా తోచింది. కానీ ఆ సాయంత్రం కటింగు బల్ల ముందు నిలబడి కుడిచెయ్యి చాచింది. చెయ్యి బల్ల అంచు దాటలేదు. కత్తెర జానెడు దూరంలోనే ఉంది, అందలేదు. కుట్టుపని పోయాక టైలరమ్మ అని ఎవర్ని పిలుస్తారు?

మర్నాడు మొగుడితో వెళ్ళి తాడు లాగింది. చెయ్యి ఛాతీ దాకా వచ్చేసరికి అక్కడ తొడిగించిన గౌను లోపల ఎడమచేత్తో వేసుకున్న ముడి జారింది. గుడ్డ వచ్చి పాదాల దగ్గర పడింది, దాని వెనకే తడి. పక్క మంచం మీది పెద్దాయన తల తిప్పుకున్నాడు.

"చాలు ఆంటీ, దించేయండి," అంది ఫిజియో అమ్మాయి కంగారుగా.

ఆమె దించలేదు. "నాకు నొప్పి కాదమ్మా. ఉచ్చ ఆగదు. చిన్నోడు పుట్టినప్పట్నుంచీ ఆగదు," అంది, గోడవైపే చూస్తూ.

కండక్టరు కుర్చీలోంచి లేచాడు. మెడలోని తువ్వాలు తీసి, కింద కూర్చుని నేల తుడిచాడు. తర్వాత ఆమె పాదాలు తుడిచాడు.

"ఇన్నేళ్ళా?" అన్నాడు తలెత్తకుండానే.

"ఇన్నేళ్ళూ."

"ఊపిరి బిగపట్టకండి ఆంటీ, వదులుతూ లాగాలి. దానికీ వైద్యం ఉంది, మా మేడంతో నేను మాట్లాడతాను," అంది అమ్మాయి మెల్లిగా. "ఇవాళ్టికి ఆపేద్దామా?"

మళ్ళీ తడిసింది. అది మొగుడి చేతుల మీద పడుతోందని కూడా ఆమెకు తెలుస్తోంది. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

"వద్దు, ఆపకు," అంది. ఊపిరి వదులుతూ తాడు లాగింది. చెయ్యి భుజం ఎత్తుకు లేచింది.